వెన్నులో చేరిన దరఖాస్తు

ఫోను మోగే సమయానికి బైండరు చేతులు రెండూ మణికట్టు దాటి మైదా జిగురులో ఉన్నాయి. ఎవరో చూడమన్నట్టు కనుబొమలు ఎగరేశాడు. కొత్తకోడలు ఫోను తీసి అతని చెవికి ఆనించి పట్టుకుంది. పెళ్ళయి రెండు నెలల మూడు రోజులైంది. మొగుడి చెవికి ఫోను పట్టుకుని నిలబడటం కూడా ఆమెకింకా వేడుకగానే ఉంది.

"ఆఁ మేడమ్, చెప్పండి... ఆఁ... అన్నీనా? అన్నీ మాకేనా మేడమ్?"

అవతలి గొంతు గడగడా ఏదో చెబుతూనే ఉంది. చివరికి "అలాగేనండి, శనివారం లోపు, తప్పకుండా" అన్నాడు. ఫోను పెట్టేశాక కూడా రెండుసార్లు తలూపి, ఆ జిగురు చేతులతోనే పెళ్ళాం బుగ్గలు పట్టుకున్నాడు.

"లైబ్రరీ పని మనకే వచ్చింది! ఐదొందల నలభై పుస్తకాలు!"

మూలన కూర్చుని రిజిస్టరు కాగితాలు కుడుతున్న అత్తగారు సూది ఆపకుండానే అంది, "ముందు ఆ పిల్ల మొహం వదులు. ఆరితే చెక్కు లేస్తుంది."

అలా అన్నదే గానీ, ఆవిడ సూది మూడు కుట్లపాటు తప్పు చోట దిగింది. ఆ తప్పు కుట్లు విప్పుకుంటూ ఆవిడ నవ్వడం కోడలు చూసింది. ఎందుకు నవ్వదు? మావగారు పోయిన ఈ ఆరేళ్ళలో ఆ షాపుకి వచ్చినవి హాజరు రిజిస్టర్లు, బిల్లు పుస్తకాలు, ఆఫీసు ఫైళ్ళు. మనుషులు కూర్చుని చదువుకునే పుస్తకం ఒక్కటి ఆ గడప తొక్కలేదు. ఇప్పుడు వెన్నులు విరిగినవి, అట్టలు ఊడినవి, పురుగు తిన్నవి ఒక వ్యాను నిండా వస్తున్నాయి.

కాకపోతే లైబ్రరీ మేడమ్ ఒక షరతు పెట్టింది. పుస్తకాలు ఈ షాపులో ఉన్నంతకాలం వాటికేమన్నా అయితే నష్టం కట్టిచ్చే ఇన్సూరెన్సు ఉండాలి. ఆ కాగితం శనివారానికల్లా ఆవిడ బల్లమీద ఉంటే సోమవారం వ్యాను వస్తుంది. లేకపోతే పని ఇంకొకరికి వెళ్ళిపోతుంది.

"ఇన్సూరెన్సా? ఇన్నేళ్ళలో మనకి గొళ్ళెమే ఇన్సూరెన్సు" అంది అత్తగారు.

"కాగితాల పని నాకొదిలెయ్యండి అత్తయ్యా. నేను చూసుకుంటాను" అంది కొత్తకోడలు, బుగ్గలమీద తెల్లటి వేళ్ళ గుర్తులతో.

ఆ మాట అన్నాక ఆమె కాళ్ళు నేలమీద నిలవలేదు. కామర్సు డిగ్రీ ఉంది, చక్కటి దస్తూరీ ఉంది, కానీ ఈ షాపులో ఇంతవరకు ఆ రెంటితో ఎవరికీ పని పడలేదు. పొద్దున మొగుడితో కలిసి వస్తుంది. కాగితాలు మడిచిపెడుతుంది, దారానికి మైనం రాస్తుంది, పురుగు పట్టకుండా జిగురులోకి మైలుతుత్తం కొలిచి ఇస్తుంది. కటింగ్ మిషన్ కింద అంచులు తెగి రిబ్బన్లలా సుళ్ళు తిరుగుతూ రాలుతుంటే చూసి మురిసిపోతుంది. ఎవరైనా వచ్చి ఈ అమ్మాయి ఎవరని అడిగితే అత్తగారు "మా కోడలు, తోడుగా వస్తుంది" అనేది. తోడుగా రావడం హాయిగానే ఉంది. కానీ ఆమెకి తోడు మాత్రమే కావాలని లేదు.

మర్నాడే ఇన్సూరెన్సు ఏజెంటమ్మ దిగింది. హెల్మెట్ తియ్యకుండానే సగం మాట్లాడేసే మనిషి. వెంట ఒక సర్వేయరుని కూడా తీసుకొచ్చింది. ఆయన వైర్లు చూశాడు, షట్టరు తాళం లాగి చూశాడు, గదిలో సగం ఆక్రమించిన కటింగ్ మిషన్ చుట్టూ ఒకసారి తిరిగాడు.

"ఇక్కడ పనిచేసేదెవరు?" అని అడిగాడు.

"నేనూ, మా అమ్మా" అన్నాడు బైండరు.

"మరి ఈ అమ్మాయి?"

"మా ఆవిడండీ!"

ఆ మాట ఎంత గొప్పగా అన్నాడంటే సర్వేయరు కూడా నవ్వేశాడు. కొత్తకోడలూ నవ్వింది. చేతిలో మడిచిన కాగితాల దొంతర ఉంది. అది ఎక్కడ పెట్టాలో ఒక క్షణం తోచలేదు.

సర్వేయరు మందపాటి పొడుగు కాగితం ఒకటి తీసి, అడుగున సంతకం పెట్టి, ఊదారంగు ముద్ర వేసి వెళ్ళిపోయాడు. ఆయన ఈ పక్కకి మళ్ళీ వచ్చేది వచ్చే నెలలోనే.

"ఇదే దరఖాస్తు" అంది ఏజెంటమ్మ. "అగ్ని ప్రమాదం, దొంగతనం ఎలాగూ ఉంటాయి. కస్టమర్ల సరుకు మీకు తప్పనిసరి, అందులో తడిసినా పరిహారం వస్తుంది. కింద ఇంకా గళ్ళున్నాయి చూడండి. మిషన్ పాడవడం, సొంత కాగితం తడవడం, బోర్డూ అద్దాలూ పగలడం, పనివాళ్ళకి దెబ్బ తగలడం. ఎన్ని టిక్కులు పెడితే అంత ప్రీమియం. మీరు చెప్పిన డబ్బుకి తప్పనిసరివి పోను రెండు, మహా అయితే రెండు. శుక్రవారం పది గంటలకి నా చేతిలో పెట్టండి. ఆలస్యమైతే నన్ను తిట్టుకోకండి బాబూ!"

బైండరు అక్కడికక్కడే ఒక టిక్కు పెట్టేశాడు. బోర్డూ అద్దాలూ. పెళ్ళికి ముందు వారం తనే చేత్తో రాసుకున్న బోర్డు అది, ఆకుపచ్చమీద పసుపు అక్షరాలు. రోజూ షట్టరు ఎత్తాక ఒకసారి వెనక్కి నడిచి వెళ్ళి దాన్ని చూసుకుంటేగానీ లోపలికి రాడు.

మిగతాదంతా కొత్తకోడలు ఆ సాయంత్రమే నింపేసింది. షాపు కొలతలు, మిషన్ వయసు, గోడలు దేనివి, కప్పు దేనిది. అచ్చులో పోసినట్టున్న అక్షరాలు చూసి తనే మురిసిపోయింది. ఇంకొక టిక్కు ఎక్కడ పెట్టాలో అందరూ కలిసి తేల్చుకోవాలి, అది సరే. ఆమె చెయ్యి ఆగిపోయింది వేరే చోట. 'పనిచేయువారి సంఖ్య' అన్న గడి దగ్గర.

రెండు అని రాయడానికి చెయ్యి రాదు. మూడు అని రాయడానికి ధైర్యం చాలదు. మొగుణ్ణి అడుగుదామంటే, ఏమని అడుగుతుంది? నేను లెక్కలోకి వస్తానా అనా? పొద్దున ఫోనులో అమ్మ చెప్పనే చెప్పింది, "వెళ్ళి నిండా మూడు నెలలు కాలేదు, షాపులో పెత్తనం చేస్తున్నావనుకుంటారే, కాస్త చూసుకో" అని. బుధవారం మధ్యాహ్నానికి కూడా ఆ గడి ఖాళీగానే ఉంది.

"ఎంతవరకు వచ్చింది డిగ్రీగారూ?" అంటూ బైండరు వెనకనుంచి వచ్చి భుజంమీదుగా తొంగిచూశాడు.

ఆమె ఉలిక్కిపడి కాగితం బోర్లా తిప్పి, పక్కనున్న చిత్తుకాగితాల ట్రేలోకి నెట్టేసింది. "అయిపోవచ్చింది. మీరు చూడకూడదు. అంతా అయ్యాక చూపిస్తా."

"అబ్బో, పరీక్ష పేపరా?" అని ఆమె జడ లాగి వెళ్ళిపోయాడు.

అప్పుడే అత్తగారు పిలిచింది. "అమ్మాయ్, ఇలా రా. ఈ స్కూలు రిజిస్టర్లు ముప్పయ్యారు కుట్టడం అయిపోయింది. వీటికి వెన్ను వేస్తావా? నువ్వొక్కదానివే."

నువ్వొక్కదానివే! కొత్తకోడలి చెవులకి ఆ మాట తియ్యగా తగిలింది. చిన్న రిజిస్టర్లు, కుట్టు వైపు రెండంగుళాల మందం. చిత్తుకాగితాన్ని ఆ కొలతకి పట్టీలుగా కోసి, కుట్లమీద జిగురు రాసి, పట్టీ అతికించి, చెక్కతో నొక్కి గాలిబుడగ లేకుండా రుద్దాలి. అప్పుడు పుస్తకానికి నిలబడే శక్తి వస్తుంది. పైన గుడ్డా అట్టా మర్నాడు. "అచ్చు ఉన్న వైపు లోపలికి, తెల్లవైపు పైకి. మన పని చూసేవాడికి శుభ్రంగా కనబడాలి" అని అత్తగారు ఒకటి చేసి చూపించి తన కుట్టుకి వెళ్ళిపోయింది.

కొత్తకోడలు ముప్పయ్యారూ చేసింది. నాలుక కొస పంటి కింద పెట్టుకుని, చెవిమీద పడే వెంట్రుకలు మోచేత్తో తోసుకుంటూ, ట్రేలో చేతికి దొరికిన కాగితమల్లా కోసుకుంటూ. అయ్యేసరికి సాయంత్రమైంది. వరసగా బరువుల కింద పెట్టిన ఆ రిజిస్టర్లను మొగుడు బొటనవేలితో ఒక్కొక్కటే తడిమి చూశాడు.

"ఒక్క బుడగ లేదే! అమ్మా, నీ పని పోయినట్టే."

ఇంటికి నడిచి వెళ్తుంటే దారిపొడుగునా కొత్తకోడలు తన వేళ్ళకంటిన జిగురు వాసన చూసుకుంటూనే ఉంది.

గురువారం అన్నాలు తిన్నాక ఏజెంటమ్మ ఫోను చేసింది. రేపు పదింటికి మర్చిపోకండని. కొత్తకోడలు "రెడీగా ఉందండీ" అంటూ ట్రేలోకి చెయ్యి పెట్టింది. చేతికి అడుగు చెక్క తగిలింది. ట్రేలో రెండు చీలికలు తప్ప ఏమీ లేవు.

బల్ల కింద చూసింది, కొలబద్దల వెనక చూసింది, తన సంచీ బోర్లించింది. ఇక ఎక్కడా చూడక్కర్లేదని ఆమెకి అప్పటికే తెలుసు. మందంగా ఉంది, కోస్తుంటే కత్తెర హాయిగా సాగింది, ఇంత మంచి కాగితం చిత్తులో వేశారేమిటా అని నిన్న తనే అనుకుంది.

"అత్తయ్యా" అంది, ట్రే చేతిలో పట్టుకుని. "దరఖాస్తు... రిజిస్టర్లకి వేసేశాను."

"వెయ్యడమేమిటి?"

"వెన్నుకి. కోసి, అతికించేశాను. ముద్రతో సహా."

బైండరు ఆమె మొహం చూశాడు, రిజిస్టర్ల వరస చూశాడు, మళ్ళీ ఆమె మొహం చూశాడు. అతని పెదవి ఒక పక్క వణికింది. కోపమేమో అని ఆమె బిగుసుకుపోయింది. నవ్వు ఆపుకుంటున్నాడు మహానుభావుడు.

"పుస్తకాలకి ఇన్సూరెన్సు చెయ్యమంటే నిజంగానే పుస్తకాలకే అతికించేశావటే!"

"నవ్వకండి! సర్వేయరు మళ్ళీ నెల దాకా రాడు. రేపు ఇవ్వకపోతే లైబ్రరీ పని పోతుంది. నా మూలానే పోతుంది." అంటూనే కళ్ళనీళ్ళు పెట్టేసుకుంది.

నవ్వు ఆగిపోయింది. అతను ఏజెంటమ్మకి ఫోను చేసి జరిగింది చెప్పాడు. అవతల ఆవిడ రెండుసార్లు "ఏంటీ?" అని, ఆపైన పకపకా నవ్వి, ముద్రా సంతకం చదవడానికి వచ్చేలా ఉంటే ముక్కలైనా సరే అతికించి తెమ్మంది. పైవాళ్ళకి తను చెప్పుకుంటానంది. ముద్ర చెరిగితే మాత్రం తన చేతిలో ఏమీ లేదంది.

అత్తగారు లేచి చీర కొంగు బొడ్లో దోపింది. "ఏడుపు తర్వాత ఏడవచ్చు. అమ్మాయ్, గుడ్డ తడిపి గట్టిగా పిండి తే. ఒరేయ్, నువ్వు బరువులు తియ్యి."

ముప్పయ్యారు రిజిస్టర్లూ తెల్లటి వెన్నులతో ఒక్కలాగే ఉన్నాయి. అత్తగారు ఒక్కొక్కటీ చెవి దగ్గర పెట్టుకుని వెన్నుమీద గోటితో టకటకా కొట్టింది. ఏడింటిని పక్కకి తీసింది. "మందపు కాగితం గట్టిగా పలుకుతుంది. ఇవే."

తడిగుడ్డ వెన్నుమీద పరిచి, జిగురు మెత్తబడేదాకా ఆగి, పలచటి కత్తితో కొసనుంచి లేపడం. తొందరపడితే చిరుగుతుంది, ఆలస్యమైతే సిరా పాకుతుంది. మొదటి పట్టీ లేచింది. వెనక ఆమె అక్షరాలు, 'షాపు పొడవు, వెడల్పు'. బాల్‌పెన్ను సిరా చెక్కుచెదరలేదు. రెండోది, మూడోది కూడా లేచాయి. ముద్ర ఉన్న పట్టీ వంతు వచ్చేసరికి బైండరు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "నా వల్ల కాదమ్మా, నువ్వు చెయ్యి."

అత్తగారు దానికి తడిగుడ్డ వెయ్యలేదు. నోటి ఆవిరి ఊదుతూ, అంగుళం అంగుళం చొప్పున లేపింది. ఆవిడ ఊపిరి తీసినప్పుడల్లా మిగతా ఇద్దరూ ఊపిరి తీశారు. చివరికొస వదిలింది. ఊదా ముద్ర అంచు ఒక పక్క కాస్త మసకబారింది. సంతకం, తారీఖు చక్కగా ఉన్నాయి.

"హమ్మయ్య" అని ముగ్గురూ ఒక్కసారే అన్నారు.

పలచటి తెల్ల కాగితం ఒకటి పరిచి దానిమీద పట్టీలు పేర్చడం మొదలుపెట్టారు. ఈ షాపు చేతిలో చిరిగిన కాగితం అతకడం చూడాల్సిందే. అంచుకి అంచు చేరిస్తే కోత ఎక్కడుందో వేలితో తడిమినా తెలియదు. బైండరు జిగురు రాస్తుంటే, కొత్తకోడలు పట్టీలు అందిస్తుంటే, గళ్ళు ఒక్కొక్కటే మళ్ళీ బయటికి వచ్చాయి.

"ఇదిగో, ఇంకొక టిక్కు బాకీ ఉంది" అన్నాడు బైండరు. "మిషన్‌కి పెడదాం. అది ఆగితే మనం ఆగినట్టే."

"మిషన్ ఆగితే ఇరుసుకి ఇంత నూనె కొట్టి, నాలుగు తిట్టు. మీ నాన్న అదే చేసేవాడు" అంది అత్తగారు. "కాగితం తడవకుండా చూసుకో. పైవాళ్ళ పైపు మన నెత్తిమీదే ఉంది."

"టార్పాలిన్ కట్టుకుందాం అత్తయ్యా" అంది కొత్తకోడలు మెల్లగా. "నాకైతే ఆ చివరిది..."

"ఏది?"

"పనివాళ్ళకి దెబ్బ తగలడం." ఆమె మొగుడి ఎడమచేతి చూపుడువేలు వైపు చూసింది. మూడేళ్ళ కిందట మిషన్ గోరుతో సహా కొస కొంచెం తెంపుకుపోయిన వేలు అది. పెళ్ళిచూపుల్లో ఆ చేతిని జేబులో దాచుకునే కూర్చున్నాడు. "అప్పుడు నలభై రోజులు షట్టరు మూసేశారట కదా. మిషన్ బాగుచేయించొచ్చు. వేలు..."

బైండరు ఆ వేలిని అలవాటుగా గుప్పిట్లోకి మడుచుకున్నాడు. ఎవరూ కాదనలేదు. టిక్కు అక్కడ పడింది. దాని కిందే ఉంది ఆ ఖాళీ గడి.

"ఇదేమిటి, ఇది నింపలేదేం?" అన్నాడు.

ఆమె జిగురు గిన్నెలో బ్రష్షుని తిప్పుతూ నిలబడింది. అత్తగారు ఆ గడినీ, కోడల్నీ చూసింది. నిన్న పరీక్ష పేపరులా బోర్లా తిప్పిన కాగితం ఆవిడకి గుర్తొచ్చిందేమో.

"దీనికోసమేనా ట్రేలో దాచావు?"

కొత్తకోడలు తల ఊపింది. "రెండనే చెప్పారు కదా, సర్వేయరుగారితో."

"నేనా?" బైండరు తెల్లబోయాడు. "పదిమందిలో నిన్ను పట్టుకుని మా షాపులో పనిమనిషి అని ఎలా అంటానే? డిగ్రీ చదివిన దానివి! మీ నాన్నగారు వింటే ఏమనుకుంటారు?"

"పనిమనిషి అనమన్నానా? పని చేస్తుంది అనమంటున్నాను."

"ఒరేయ్, నువ్వు ఊరుకో" అంది అత్తగారు. కుర్చీ లాక్కుని కూర్చుంది. "అమ్మాయ్, ఇటు చూడు. ఈ మూల కూర్చుని ముప్పయ్యొక్క ఏళ్ళు కుట్టాను. లైసెన్సు మీ మావగారి పేర, ఆయన పోయాక వీడి పేర. నన్నడిగితే నేను కూడా అదే చెప్పేదాన్ని, తోడుగా వస్తానని. మొన్న ఆ సర్వేయరు అడిగితే వీడు 'నేనూ, మా అమ్మా' అన్నాడు చూడు, ఆ రాత్రి నాకు నిద్ర పడితే ఒట్టు. నన్నెవరైనా లెక్కలోకి తీసుకోవడం అదే మొదలు."

ఆవిడ చేతివేళ్ళు ఒళ్ళో కదులుతున్నాయి, దారం లేకుండానే.

"నాకు ముప్పయ్యొక్క ఏళ్ళు పట్టింది. ఆ సంతోషంలో పక్కనే నిన్ను వదిలేశారన్న సంగతి నాకు తట్టనే లేదు. నీకూ అన్నేళ్ళు ఎందుకు పట్టాలి? పెన్ను తియ్యి. మూడు అని రాయి."

"అమ్మా, తలకింత అని కట్టాలి" అన్నాడు బైండరు నెమ్మదిగా. "ముగ్గురికంటే మనం అనుకున్నది దాటుతుంది."

అని తనే ఆగాడు. మొదటి టిక్కు వైపు చూశాడు. తర్వాత గుమ్మంలోంచి బయటికి, పైకి చూశాడు. ఆకుపచ్చ బోర్డుమీద సాయంత్రపు ఎండ పడి పసుపు అక్షరాలు మెరుస్తున్నాయి. పెళ్ళాం చేతిలోంచి పెన్ను తీసుకుని, బోర్డూ అద్దాల గడిమీద అడ్డంగా గీత కొట్టి, పక్కన పొట్టి సంతకం పెట్టాడు.

"అదేంటండీ! మీ బోర్డు!"

"పగిలితే మళ్ళీ రాసుకుంటా. ఈసారి నీ దస్తూరీతో రాయిద్దాం, నాది వంకర" అని పెన్ను ఆమె చేతిలో పెట్టాడు. "రాయి మరి, డిగ్రీగారూ. లెక్క తప్పింది నేనే."

ఆమె మూడు అని అంకెలో రాసింది. అది చాలదన్నట్టు పక్కన అక్షరాల్లో కూడా రాసింది. రాసిన సిరా ఆరేదాకా ఊదింది. ఊదుతూ ఊదుతూ నవ్వింది, కళ్ళు తుడుచుకుంది, మళ్ళీ నవ్వింది.

"చాల్లే, తడిసిపోతుంది. కాగితం తడవడానికి మనం టిక్కు పెట్టలేదు" అంది అత్తగారు.

అతికిన దరఖాస్తుని రెండు చెక్కల మధ్య పెట్టి మర బిగించారు. బయటికి తీసేసరికి కొత్త కాగితంలా తిన్నగా ఉంది. చివరి వరసలో చిన్న అచ్చులో ఒక మాట కనిపించింది. పనిచేసేవారిలో ఒక్కొక్కరిదీ తాజా ఫోటో జతచేయాలట.

"పెళ్ళి ఫోటో ఉందిగా, అందులోంచి కత్తిరిద్దామా?" అన్నాడు బైండరు.

"కత్తెర జోలికి వెళ్ళకండి, మీకు దణ్ణం పెడతా" అంది కొత్తకోడలు.

అత్తగారు తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ లేచింది. ఈ షాపు పనిరోజున ఆలస్యంగా తెరవడం ఆవిడ ఎరగదు. అయినా గొంతు సవరించుకుని, కస్టమరుకి డెలివరీ తేదీ చెప్పినట్టు చెప్పింది:

"రేపు పదకొండు దాకా షట్టరు ఎత్తేది లేదు. ఎనిమిదిన్నరకి తయారుగా ఉండండి. ముందు ఫోటో స్టూడియో, ఆ తర్వాత ఏజెంటమ్మ ఆఫీసు. ముగ్గురం వెళ్తున్నాం."